చిన్నారి పైకి ఆలోచించడం నేర్చుకున్న వైనం

మా మేడ మీద గదిలో అద్దెకుండే చిన్నారి ఏం పని చేస్తుందో నాకు అర్థం కావడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. ఆ పిల్ల దాచిందని కాదు. అడిగినప్పుడల్లా చెప్పింది. నాకే బుర్రకెక్కలేదు. చోడవరంలో ఆడపిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని. నా ఇంటి మేడ మీదే నాకు తెలియని సంగతి ఒకటి జరుగుతోందంటే నాకు అన్నం సయిస్తుందా? మావారు అనంతరామయ్యగారు మాత్రం పేపరు మడిచి, "అద్దెకున్న పిల్ల గొడవ నీకెందుకు సుందరీ?" అంటారు. ఆయనకి ఎవరి గొడవా అక్కర్లేదు. బ్యాంకులో మేనేజరుగా ఉన్నన్నాళ్లూ కూడా అంతే.

చిన్నారి వాళ్లది రావికమతం దగ్గర పల్లె. తండ్రి పరదేశి చెరకు వేస్తాడు, సొంత గానుగ పెట్టుకుని బెల్లం వండుతాడు. వాళ్లింట్లో ఇంజనీరింగు చదివిన మొదటి మనిషి ఈ పిల్లే. ఊళ్లో నెట్ సరిగా రాదని చోడవరంలో గది తీసుకుంది. పొద్దున్న పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే రాత్రి భోజనాల వేళకి లేస్తుంది. పని చేసేది మాత్రం ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన పెద్ద కంపెనీకి. ఆ పేరు చెబితే మీరు, మీ మనవలు కూడా గుర్తుపడతారు. అందుకే చెప్పను.

"ఏం పనే నీది?" అని అడిగితే, "పాడుసెయ్యడం మేడంగారూ," అంది.

ఇదేం సమాధానమని నాకు ఒళ్లు మండింది. తర్వాత విడమర్చి చెప్పింది. ఆ కంపెనీ వాళ్లు జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకునే ఫోన్ కాల్ ఒకటి తయారుచేస్తారు. దాన్ని జనం చేతికి ఇచ్చే ముందు ఈ పిల్ల చేతికిస్తారు. ఈ పిల్ల దాన్ని నానా హింసా పెడుతుంది. మాట్లాడుతుండగా ఫోను తిరగేస్తుంది, మధ్యలో ఇంకో ఫోను వచ్చేలా చేస్తుంది, చార్జింగు అయిపోయేదాకా వదిలేస్తుంది. ఎక్కడ చెడిందో చూసి రాసి పంపుతుంది. బెంగుళూరు ఆఫీసులో కరెంటు పోదు కాబట్టి అక్కడివాళ్లకి దొరకని తప్పులు ఈ పిల్లకి దొరుకుతాయి. ఒకసారి మా వీధిలో కరెంటు పోయి, వైఫై ఆగి, ఫోను నెట్‌కి మారిన ఆ కాస్త వ్యవధిలో అవతలి మనిషి బొమ్మ ఉండి గొంతు పోయిందట. ప్రపంచంలో ఎంతమందికి ఆ తిప్పలు తప్పాయో గానీ దాన్ని పట్టుకున్నది మా మేడ మీదే. నేను ఈ మాట వీధిలో అందరికీ చెప్పాను. కరెంటు వాళ్లకి కూడా చెబుదామనుకున్నాను, మావారు చెప్పనివ్వలేదు.

"అయితే అది ఎందుకలా అయింది?" అని అడిగాను.

చిన్నారి మొహం చిన్నబోయింది. "అది నాకు సెప్పరు మేడంగారూ. నేను కాంట్రాక్టు మనిషిని. తప్పుందని రాయడం వరకే నా పని. ఎందుకొచ్చిందో లోపల సూడాలంటే కంపెనీ మనిషినవ్వాలి. బాగుసేసేసేం అని మాత్రం ఒక ముక్క రాస్తారు. ఎలా సేసేరో, అసలు ఏటి సెడిందో... అడిగితే, నీకు పర్మిషను లేదంటారు."

అప్పటిదాకా నాకు ఆ పిల్ల మీద ఉన్నది ఊసుపోని ఆసక్తి. ఆ మాటతో ప్రేమ పుట్టింది. నాలాంటిదే ఇంకోటి నా ఇంట్లోనే ఉందన్నమాట. తలుపు అవతల ఏం జరుగుతోందో తెలియకపోతే నిద్రపట్టని రకం.

ఆ వానాకాలం చివర్లో వాళ్ల టీములోనే కంపెనీ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. బెంగుళూరులో వాళ్ల టీముకి పెద్ద కేదార్ అనే అబ్బాయి. అతనే ఫోన్ చేసి ఇంటర్వ్యూ ఇమ్మన్నాడు. ఎలాగూ ఉగాది వెళ్లాక కాంట్రాక్టు అయిపోతుంది. ఈ ఉద్యోగం వస్తే లోపలికి దారి. రాకపోతే ఆ కాస్త తొంగిచూడడం కూడా ఉండదు.

ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే. బెంగుళూరు నుంచి ప్రజ్ఞ అనే ఆవిడ అడిగింది. ప్రశ్న నాకు తర్వాత చిన్నారే చెప్పింది. అయిదుగురు కాల్‌లో ఉన్నారు. ఒక మనిషి గొంతు ముగ్గురికి వినబడుతోంది, నాలుగో మనిషికి మాత్రం వినబడడం లేదు. కారణం ఎలా వెతుకుతావు? చిన్నారి చాలాసేపు ఊరుకుంది. తర్వాత కారణం చెప్పింది, దాన్ని రుజువు చేసే చిన్న ప్రోగ్రాము కూడా ఒక్క బిగిన రాసేసింది. అంతా సరిగ్గా ఉంది. పైనుంచి నవ్వుకుంటూ దిగొచ్చి నాకు చెప్పింది కూడా.

నాలుగు రోజులకి తీసుకోవడం లేదని కబురు. "ఆమె ఆలోచన మాకు కనబడలేదు" అన్నది వాళ్లు చెప్పిన కారణం.

నేను మండిపడ్డాను. "జవాబు తప్పా?" అన్నాను. కాదట. "మరి? ఆలోచన కనబడడమేమిటి? నీ బుర్రేమైనా గాజు సీసానా?" అన్నాను. మావారు పేపరు వెనకనుంచి, "నువ్వు పిల్లలకి స్టెప్పులు రాయలేదని మార్కులు కోసేదానివి కదా, ఇదీ అంతే," అన్నారు. ఏ గొడవా పట్టని మనిషి ఇలాంటప్పుడు మాత్రం సరిగ్గా తగులుతారు. స్టెప్పులు లేని లెక్క లెక్కే కాదని క్లాసులో అరిచిన గొంతే ఇది.

ఆ కంపెనీ పద్ధతే అదట. ఇంటర్వ్యూలో జవాబు చెబితే చాలదు, ఆలోచిస్తున్నంతసేపూ ఏమనుకుంటున్నావో పైకి చెబుతూ ఉండాలి. ముందుగానే చెప్పారట కూడా. "మరి తెలిసీ ఎందుకు నోరు మూసుకు కూర్చున్నావే?" అని అడిగాను.

"నోరు రాలేదు మేడంగారూ," అంది చిన్నారి.

కేదార్ మంచివాడిలా ఉన్నాడు. పై వాళ్లతో పోట్లాడి, సంక్రాంతి అయ్యాక ఇంకొక్కసారి అవకాశం ఇప్పించాడు. ఈసారి పోతే ఇక లేదు. అప్పటిదాకా ఆ పిల్లకి పైకి ఆలోచించడం నేర్పే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. వేసుకున్నాను, అంతే.

మొదటిరోజు మా మిక్సీ ప్లగ్గులో ఒక వైరు ఊడదీసి చిన్నారి ముందు పెట్టాను. "తిరగడం లేదు. ఎందుకో కనుక్కో. కనుక్కుంటున్నంతసేపూ మాట్లాడు," అన్నాను. ఇంటర్వ్యూ చేసే మనిషిగా మావారిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన గొంతు సవరించుకుని, "మీ గురించి చెప్పండి" అని మొదలెట్టారు. అది బ్యాంకు పద్ధతి, ఇక్కడ అక్కర్లేదని ఆయన్ని ఊరుకోమన్నాను. చిన్నారి మిక్సీ అటు తిప్పింది, ఇటు తిప్పింది. మూతి బిగించింది. మిక్సీని వదిలేసి గోడ వైపు చూసింది. నాకు ఓపిక నశిస్తుండగా ప్లగ్గు విప్పి, "ఈ వైరు ఊడింది," అంది.

"అది నాకూ తెలుసు. ఎలా తెలిసింది?"

"తెలిసింది."

"గోడ వైపు చూస్తూ ఏమనుకున్నావు?"

చాలాసేపు ఆలోచించి, "మర్సిపోయేను మేడంగారూ," అంది.

తర్వాత ఫ్యాను మీద, కుక్కరు మీద, చివరికి మావారి కళ్లజోడు మీద కూడా ప్రయత్నించాం. మాట్లాడితే ఆలోచన ఆగిపోతుంది. ఆలోచిస్తే మాట ఆగిపోతుంది. ఒకరోజు బలవంతాన మాట్లాడబోయి మధ్యలో కళ్లనీళ్లు పెట్టేసుకుంది. "పని అవ్వకుండా పైకి సెప్పడం మా ఇంట్లో తప్పు మేడంగారూ. మా నాయిన పాకం సూస్తన్నప్పుడు ఎవరం మాట్లాడం. అయ్యిందా అని కూడా అడగం. పాకం దిగేకే మాట," అంది.

నేను పాఠాలు ఆపేశాను. ఈ పాకం సంగతేమిటో చూడాలనిపించింది. ఆదివారం చిన్నారి ఇంటికి వెళుతుంటే నేనూ బయల్దేరాను. మావారు, "నువ్వెందుకు?" అన్నారు. "బెల్లం కొనుక్కురావడానికి," అన్నాను. ఇంట్లో రెండు దిమ్మలు అప్పటికే ఉన్నాయని ఆయనకి తెలుసు.

షేరాటో దిగి చెరకు తోటల మధ్య కొంత దూరం నడిచాం. గానుగ శాల దూరం నుంచే వాసనకి తెలిసిపోయింది. పెద్ద పెనంలో రసం మరుగుతోంది. ఒక పక్క ఇంజను చెరకు నలుపుతోంది, ఎండిన పిప్పి పొయ్యిలోకి తోస్తున్నారు. అయితే పెనం దగ్గర పరదేశి లేడు. దూరంగా, పొగ తగలని చోట, టార్పాలిన్ కింద మంచం మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషను అయిందట. పొగకీ వేడికీ దగ్గరగా వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెనం దగ్గర గరిటె పట్టుకుని నిలబడినది చిన్నారి తమ్ముడు దిలీప్.

నన్ను చూసి పరదేశి లేవబోయాడు. "కూకోండి టీచరమ్మా. ఏటీ, ఇంత దూరం వచ్చేరు?" అంటూనే చెవి మాత్రం పెనం వైపు పెట్టుకున్నాడు. పక్కనే దేముడమ్మ, చిన్నారి తల్లి, నా చెవిలో గుసగుసగా చెప్పింది. పొద్దుటి పెనం మాడిపోయిందట. బెల్లం నల్లగా వచ్చిందట. తండ్రి నేర్పినట్టే దిలీప్ నోరు మూసుకుని పాకం చూశాడు. తండ్రికేమో కళ్లు సరిగా ఆనడం లేదు, అంత దూరం నుంచి ఉడుకు చప్పుడు వినబడలేదు. అయ్యిందా అని అడగడానికి వాళ్లింటి పద్ధతి అడ్డం. తెలిసేసరికి పాకం ముదిరిపోయింది.

నాకు ఈ ఇల్లు భలే వింతగా అనిపించింది. అంతమంది మనుషులు, అంత పెద్ద మంట. ఒక్క మాట లేదు. పాకం దగ్గరపడుతోందనగానే ఎవరో ఇంజను కూడా ఆపేశారు. పరదేశి కళ్లు బాగున్నప్పుడు పెనం మీదికి వంగి, మొహం పక్కకి తిప్పి, బుడగల చప్పుడు వినేవాడట. ఎక్కువగా చెవితోనే చూసేవాడన్నమాట. చిన్నారి గోడ వైపు ఎందుకు చూస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ తిరిగే మెడ తండ్రిది.

ఇంతలో పరదేశి మంచం మీద అసహనంగా కదిలాడు. ఒకసారి లేచాడు, దేముడమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చివరికి ఆ ఇంట్లో ఎన్నడూ వినని పని చేశాడు. పాకం నడుస్తుండగా నోరు విప్పాడు.

"ఒసే చిన్నారీ! ఆ పెనం కాడికెల్లి నిలబడు. ఏటి కనబడితే అది నాకు సెప్పు!"

చిన్నారి కదల్లేదు. దిలీప్ గరిటె ఆపి తండ్రి వైపు చూశాడు.

"నీకే గుంటా సెప్తన్నాను! ఇదీ మాడిపోనిస్తావేటి?"

చిన్నారి వెళ్లింది. పెనం పక్కన నిలబడి కొంతసేపు ఊరికే చూసింది. తర్వాత, "నురగ తగ్గింది నాయినా," అంది.

"రంగు?"

"లేతగా ఉంది. పసుపు... బుడగలు పెద్దవయ్యేయి. ఇక దించేయొచ్చు." ఒక్క క్షణం ఆగి, "కాదు కాదు. తప్పు సెప్పేను. ఈ పక్కనే పెద్దవి. అటు సిన్నవే. ఈ పక్క మంట ఎక్కువుంది," అని గబగబా అంది. అని, తప్పు చెప్పినందుకు భయపడి తండ్రి వైపు చూసింది.

పరదేశి మొహం విప్పారింది. "అదే! అలాగ సెప్పు. తప్పైతే తప్పే సెప్పు. నువ్వెక్కడ తప్పు సూస్తన్నావో నాకు తెలిస్తే గదా నేను ఆపేది! దిలీపూ, ఆ పక్క పిప్పి లాగెయ్. ఇప్పుడెలాగుందమ్మా?"

ఇక ఆ పిల్ల ఆగలేదు. బుడగ ఎలా పగులుతోందో చెప్పింది, గరిటె నుంచి జారే తీగ ఎంత సన్నగా ఉందో చెప్పింది, నీళ్లగిన్నెలో చుక్క వేస్తే మొదట కరిగిందని, రెండోసారి ఉండ కట్టిందని చెప్పింది. అనుమానం వస్తే అనుమానమే చెప్పింది. పరదేశి దూరం నుంచి, "ఊఁ... ఊఁ... ఇంకొద్దిగా... దించీ!" అన్నాడు. దించేశారు. ఆ బెల్లం రంగు నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు. వేడి వేడిగా ఒక ముక్క నోట్లో వేసుకుని నాలిక కాల్చుకున్నాను.

తిరుగు ఆటోలో నేను చిన్నారిని మాట్లాడించలేదు, నాకది కష్టమే అయినా. చోడవరం పొలిమేరలో ముందు చెరకు ట్రాక్టరు అడ్డం పడి ఆటో ఆగినప్పుడు తనే అంది.

"మేడంగారూ, ఆ ప్రజ్ఞగారికి నా పెనం కనబడదు గదా."

"ఏమిటే?"

"నేనేటి సూస్తన్నానో ఆవిడికి కనబడదు. దూరంగా కూకుని ఉంది. నేను సెప్తేనే తెలుస్తాది. నేనింతవరకూ పరీచ్చ అనుకున్నాను. నాకొచ్చో రాదో సూడ్డానికి కూకుందనుకున్నాను. ఆవిడకీ పాకం సూడాలనే ఉంటాది, గదేటి?"

పాఠం చెప్పాల్సిన పని నాకు తప్పిపోయింది. కొంచెం అసూయ కూడా కలిగింది, దాచడమెందుకు. నా మిక్సీ, ఫ్యాను, కుక్కరు చేయలేని పని పరదేశి మంచం మీద కూర్చుని చేసేశాడు.

రెండో ఇంటర్వ్యూ మధ్యాహ్నం జరిగింది. నేను మెట్ల కింద బియ్యం ఏరుతూ కూర్చున్నాను. బియ్యంలో రాళ్లు లేవు. పైనుంచి గొంతు వినబడుతోంది, ఇంగ్లీషులో, ఆగకుండా. ఈసారి ప్రశ్న వేరని తర్వాత చిన్నారే చెప్పింది. ఫోనులో నిలువుగా తీసి పంపిన ఫోటో కొందరికి నిలువుగానే వెళుతోంది, కొందరికి అడ్డంగా పడుకుని వెళుతోంది. ఎందుకు? చిన్నారి ముందు ఫోటో తీసిన ఫోను మీద అనుమానపడింది. అది తప్పని తనే పట్టుకుని, పైకి చెప్పి, వెనక్కి వచ్చింది. తర్వాత ఫోటో చిన్నది చేసే చోట, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే గుర్తు ఊడిపోతోందేమో చూడాలంది. మధ్యలో ఒకసారి "నో, ఐ వజ్ రాంగ్" అన్న మాట మెట్ల కిందికి స్పష్టంగా వినబడింది. తప్పు చేశానని అంత గట్టిగా చెప్పుకునే మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు?

కిందికి దిగిన చిన్నారి మొహం పాలిపోయి ఉంది. "టైము సాల్లేదు మేడంగారూ. జవాబు పూర్తవ్వలేదు. తప్పులన్నీ బయటపెట్టేసుకున్నాను. పోయింది," అంది.

పోలేదు. వారం తిరక్కుండానే కబురొచ్చింది. చిన్నారి కంపెనీ మనిషయింది. పర్మిషను వచ్చిన రోజున ఆ పిల్ల చేసిన మొదటి పని, అప్పట్లో మా వీధి కరెంటు పోయినప్పుడు గొంతు ఎందుకు పోయిందో వెతుక్కుని చూసుకోవడం. గబగబా దిగొచ్చి నాకు చెప్పింది. నెట్ మారినప్పుడు బొమ్మ కొత్త దారి పట్టుకుంటోందట, గొంతు మాత్రం పాత దారి దగ్గరే ఎదురుచూస్తూ నిలబడిపోయిందట. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే మేడంగారూ!" అని పకపకా నవ్వింది. ఆ పిల్ల అంత నవ్వగలదని నాకు తెలియదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. వేసవిలో ఒకరోజు చిన్నారి వచ్చి మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. నేను మామిడికాయ తరుగుతున్నాను. తలెత్తి చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ప్రజ్ఞగారూ నేనూ ఇప్పుడు ఒకే టీము గదా," అంది. "ఇయ్యాల మాటల్లో నవ్వుతా సెప్పింది. మొదటిసారి నన్నెందుకు తీసుకోలేదో. ఆలోచన కనబడలేదని రాసింది గానీ, అసలు అనుమానం వేరేనంట. అలా పక్కకి సూసి సూసి, ఒక్కపాలి జవాబంతా రాసేసేను గదా. గోడ పక్కన ఎవరో నిలబడి సెప్తన్నారనుకుందంట. మోసం సేస్తన్నాననుకుందంట."

కత్తిపీట పక్కకి నెట్టేశాను. ఆ ప్రజ్ఞని ఫోనులోకి పిలవమన్నాను. అడగాల్సినవి చాలా ఉన్నాయి నాకు. బెల్లం పెనం పక్కన నోరు మూసుకుని పెరిగిన పిల్ల, పెద్దల పట్ల మర్యాదగా ఊరుకున్న పిల్ల, దొంగలా కనబడిందా వాళ్ల కళ్లకి? ఏం చదువులవి?

"ఆవిడ సెడ్డది కాదు మేడంగారూ," అంది చిన్నారి. "అలా మోసం సేసేవాళ్లు రోజూ వస్తారంట. ఆవిడకి ఎలా తెలుస్తాది? సారీ సెప్పింది కూడా. నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. సెయ్యని పనికి సిగ్గేసింది."

ఆ మాటకి నాకు దుఃఖం వచ్చింది. తరిగిన ముక్కలు అలాగే వదిలేసి ఆ పిల్ల పక్కన గుమ్మంలో కూర్చున్నాను.

ఇప్పుడు చిన్నారి కూడా ఇంటర్వ్యూలు చేస్తోంది. తనే అడిగి తీసుకుందట ఆ పని. నిన్న ఒకటి చేసింది. ప్రజ్ఞ కూడా పక్కన ఉంది, అంటే ఆ కంప్యూటర్లోనే. ఎవరో ఒక అమ్మాయి, ఏ ఊరో తెలియదు, ప్రశ్న వినగానే మూగబోయిందట. మొహం పక్కకి తిప్పేసిందట. ప్రజ్ఞ చిన్నారికి చాటుగా, ఎవరో అందిస్తున్నట్టుంది, ఆపేద్దామా అని రాసిందట.

"ఆపేశారా?" అన్నాను.

"లేదు. నేను ఆ గుంటని అడిగేను. ఎటు సూస్తన్నావమ్మా, ఏటనుకుంటన్నావు అని. కంప్యూటర్లో మా మొహాలు సూస్తే భయమేస్తందని సెప్పింది. అయితే మా కెమేరాలు ఆపేస్తాం, నువ్వు మాట్లాడు అన్నాను. మాట్లాడింది మేడంగారూ. గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది."

"ఉద్యోగం వచ్చినట్టేనా?"

"రాలేదు. మధ్యలో తప్పుదారి పట్టింది, వెనక్కి రాలేకపోయింది. ఎక్కడ తప్పిందో ఆ గుంటకి సెప్పేను. మళ్లీ రమ్మన్నాను. తన బుర్రతోనే సేసింది, ఎవరూ అందించలేదు అని నా పేరు మీద రాసేను."

"మరి ఎవరు ఆలోచిస్తున్నారో, ఎవరు మోసం చేస్తున్నారో నీకు మాత్రం ఎలా తెలుస్తుందే?"

"సూస్తే తెలీదు మేడంగారూ. అడగాల. నన్నూ ఆరోజు అడిగుంటే సెప్పుదును. ఏటి సేస్తన్నావమ్మా అని ఒక్క మాట."